ఆరు పోట్లు, ఒక్క నిద్ర

పోయిన ఆదివారం సాయంత్రం మా మనవడి వీరుడు ఆరు దెబ్బలు తిన్నాడు. వీరుడి పేరు బుడంకాయ. మూరెడు గడ్డం ఉన్న మరుగుజ్జు, చేతిలో గొడ్డలి. మూడు బాణాలు, రెండు కత్తిపోట్లు, ఆఖర్న ఒక బల్లెం. నేను పనీపాటా లేనివాణ్ణి కనుక పాత క్యాలెండర్ కాగితం వెనక గీతలు గీసుకుంటూ లెక్కపెట్టాను. ఆరోదానికి బుడంకాయ నేలకూలాడు. పక్కనున్న అమ్మాయి ఏదో సీసా నోట్లో పోసింది, లేచి ఇంకో ఇద్దర్ని నరికాడు. తర్వాత నలుగురూ ఒక గుహలో పడుకున్నారు. "తెల్లారింది" అన్నాడు ఆట నడిపే పిల్లగాడు. బుడంకాయ లేచి, ఒళ్లు విరుచుకొని, కొండెక్కడానికి తయారయ్యాడు.

"ఆగురా" అన్నాను. "వాని బుజంల బాణం ఏమైంది?"

"లాంగ్ రెస్ట్ అయింది తాతా. ఎనిమిది గంటలు. అంతా వచ్చేస్తది."

"అంతా అంటే?"

"అంతా అంటే అంతా. ఫుల్లు."

నేను రాత్రి పదికి పడుకొని పొద్దున ఆరుకు లేస్తాను. అవీ ఎనిమిది గంటలే. పడుకునేముందు లేని మెడనొప్పి లేచేసరికి ఉంటుంది. ఎనిమిది గంటల నిద్ర నా దగ్గర తీసుకోవడమే గానీ ఇవ్వడం నేనెరుగను. ఈ మాటంటే పిల్లలు నవ్వారు. అదే సమయానికి మెట్రో రైలు మా డాబా ఎదురుగా, దాదాపు మా ఎత్తునే, సుల్తాన్ బజార్ స్టేషన్లోకి దూరింది. నా తర్వాతి మాటలు ఆ మోతలో కలిసిపోయాయి. 2020 ఫిబ్రవరి నుంచీ మా ఇంట్లో ప్రతి వాదనా ఇట్లాగే సగంలో ఆగుతోంది.

నేను నలభై ఏళ్లు ఈ పక్క గల్లీలోనే సర్జికల్ సామాన్ల దుకాణంలో కూర్చున్నాను. దూది, క్రేప్ బ్యాండేజీలు, పిండికట్టు వేసే చుట్లు, మెడపట్టీలు, నడుం బెల్టులు, వాకర్లు, చంకకర్రలు, మంచం మీదున్న వాళ్లకు పెట్టే బెడ్‌పాన్లు. ఎదురుగా చీరల దుకాణాలు, గాజుల బండ్లు, పెళ్లి బేరాలు. ఆ సందడి నడుమ మా కొట్టు వెతుక్కుంటూ వచ్చేవాడి ముఖం దూరం నుంచే తెలిసిపోయేది. చంకకర్రలు కొనేవాడు ఆ రోజు బేరమాడడు. చెప్పిన డబ్బు ఇచ్చి పోతాడు. నెలన్నరకో రెండు నెలలకో అవే కర్రల్ని చేత్తో పట్టుకొని నడిచొచ్చి, "వాపసు తీసుకుంటరా సేటూ?" అని బేరం మొదలుపెడతాడు. వాడికి నయమైందని నాకు తెలిసేది ఆ బేరంతోనే. ఏ ఎక్స్‌రే అక్కర్లేదు.

కర్ర అడుగున రబ్బరు బిళ్ల ఉంటుంది, చూసే ఉంటారు. వాపసు వచ్చిన కర్రను తిరగేసి ముందు ఆ బిళ్ల చూసేవాణ్ణి. గుండ్రంగా అరిగితే మనిషి సరిగ్గా నిలబడ్డాడని. ఒక పక్కనే అరిగితే భారమంతా అటే మోపాడని, ఇంకో పక్క ఇంకా సత్తువ రాలేదని. అట్లాంటివాడితో "ఇంకో పదిహేను దినాలు ఉంచుకో" అనేవాణ్ణి. డబ్బులు ఎగ్గొట్టడానికి అంటున్నానని కొందరు తిట్టుకునేవాళ్లు. పుత్తూరు కట్టు కట్టించుకొని, కోడిగుడ్డు తెల్లసొన వాసనతో, వెదురు బద్దలతో వచ్చేవాళ్లు కూడా ఉండేవాళ్లు. పెద్ద డాక్టరు దగ్గరికి పోయినా, నాటువైద్యుడి దగ్గరికి పోయినా, ఎముక తన రోజులు తాను తీసుకునేది. రాత్రికి రాత్రి అతికిన ఎముకను నా జన్మలో చూడలేదు.

మా రోజుల్లో, అనగానే మనవడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటాడు. వాడి సంగతి వదిలేయండి, మీరు వినండి.

ఈ ఆట మాకు తెలియనిది కాదు. 1985లో మా చిన్నబావ అమెరికా చదువు నుంచి వస్తూ ఒక ఎర్ర డబ్బా తెచ్చాడు. డబ్బా మీద రెక్కలు విప్పిన డ్రాగన్, దాని ముందు కత్తెత్తినవాడు. డంజన్స్ అండ్ డ్రాగన్స్, 1983లో వేసిన మొదటి మెట్టు డబ్బా. లోపల రెండు పుస్తకాలు, ఆరు పాచికలు, ఒక మైనపు ముక్క. మైనం ఎందుకో తెలుసా? పాచికల మీద అంకెలు చెక్కి ఉండేవే గానీ రంగు ఉండేది కాదు. మైనాన్ని అంకెల గాట్లలో మనమే రుద్దుకోవాలి, మిగిలింది గుడ్డతో తుడుచుకోవాలి. ఒక మధ్యాహ్నమంతా కూర్చుని రుద్దాను. ఈనాటి పిల్లలు ఫోను మీద వేలు ఆనిస్తే పాచిక పడుతుంది. పాచిక అన్నాక గచ్చు మీద గలగలమనాలి, మంచం కిందికి దొర్లాలి, దాని కోసం చీపురు తేవాలి. మా ఇరవై ముఖాల పాచిక మూడో నెలలోనే డాబా మీంచి దొర్లి కింద మోరీలో పడింది. ఆ తర్వాత తంబోలా బిళ్లల్లో ఒకటి నుంచి ఇరవై వరకు ఏరి, గుడ్డసంచిలో వేసి తీసేవాళ్లం. నాలుగేళ్లు అట్లాగే నడిచింది, ఎవడూ ఫిర్యాదు చేయలేదు.

ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాలు, పదింటికి ఇరానీ చాయ్, మధ్యాహ్నం మా దుకాణం మీది డాబా. ఐదుగురం. నేను, మా బావమరిది, ఉస్మానియా మెడికల్ కాలేజీలో చదివే కుర్రాడొకడు, బ్యాంక్ స్ట్రీట్‌లో గుమాస్తా ఒకాయన, గుజరాతీ గల్లీ నుంచి ఒక దర్జీ కొడుకు. ఆట నడిపేవాణ్ణి డంజన్ మాస్టర్ అంటారు. అది నోరు తిరిగే మాట కాదు, మేం "మాస్టారు" అనేవాళ్లం. వీరుడు ఎన్ని దెబ్బలు తట్టుకుంటాడో చెప్పే హిట్ పాయింట్లను "ప్రాణాలు" అనేవాళ్లం. "నీకెన్ని ప్రాణాలున్నయ్‌రా?" "మూడు." "అయితే వెనక నడువు." విదేశీ కోటలు మాకెందుకు, చేతికందే దూరంలో బ్రిటిష్ రెసిడెన్సీ ఉండగా? కోఠి ఉమెన్స్ కాలేజీ అని మేమనే ఆ కోటలాంటి భవనమే మా పాతాళం. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ రొహిల్లాలతో రెసిడెన్సీ మీద పడిన రాత్రిని మేం డాబా మీద ఎన్నిసార్లు ఆడామో. పుత్లీబౌలీ వైపు గోడ, ఎదురిళ్ల మేడలు, అన్నీ సుద్దముక్కతో గచ్చు మీద గీసేవాణ్ణి. ఆ భవనం వెనక ఇంకో వింత ఉంది. రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ తన భార్య ఖైరున్నీసా కోసం, ఆమె పరదా దాటి ముందుకు రాలేదు కనుక, భవనమంతటికీ చిన్న నమూనా కట్టించాడంటారు. బొమ్మరిల్లంత. మా సుద్దగీతలకు అది అక్కగారన్నమాట.

ఇక గాయాల సంగతి. ఎర్ర డబ్బా తర్వాత బావ పెద్ద పుస్తకాలు పంపాడు. 1979లో గ్యారీ గైగాక్స్ రాసిన డంజన్ మాస్టర్స్ గైడ్ అందులో ఒకటి. దాని ప్రకారం గాయపడ్డవాడికి పూర్తి విశ్రాంతిలో రోజుకు ఒక్క ప్రాణం తిరిగొస్తుంది. ఒక్కటే. నాలుగు వారాలు ఏకబిగిన పడుకుంటే అప్పుడు పూర్తి బలం. సున్నా కిందికి జారి బతికినవాడు కనీసం వారం లేవకూడదు. అది చదివి నాకు ఆ గైగాక్స్ మీద గౌరవం కలిగింది. ఈయనెవరో దుకాణంలో కూర్చున్నవాడిలా ఉన్నాడే అనుకున్నాను.

ఆ గౌరవమే కొంప ముంచింది. ఇంత బాగున్న నియమాన్ని ఇంకా బాగు చేద్దామని నాకు బుద్ధి పుట్టింది. పొడుగు నోట్‌బుక్ ఒకటి కొని, 60 రకాల దెబ్బలు రాశాను. ఎక్కడ తగిలింది, ఎముకా కండా, ఎన్నాళ్లకు మానుతుంది, చీము పడుతుందా, జ్వరం వస్తుందా, తుప్పు కత్తి అయితే ధనుర్వాతం పాళ్లు ఎంత. గోబ్లిన్లనే ఆ పొట్టి రాక్షసుల కత్తులు తుప్పువి కాక ఇంకేముంటాయి? మొదటి ఆదివారం అందరూ వహ్వా అన్నారు. దర్జీ కొడుకు వీరుడికి మోచేయి విరిగితే, ఆ చేత్తో డాలు ఎట్లా పట్టాలని గంటసేపు చర్చించుకున్నాం. రెండో ఆదివారం ముగ్గురికి జ్వరం. మూడో ఆదివారం ఒక్క యుద్ధం కూడా జరగలేదు. వీరులంతా సత్రంలో పడుకొని ఉన్నారు, నేను రోజులు లెక్కపెడుతున్నాను.

ముందుగా తిరగబడింది మెడికల్ కాలేజీ కుర్రాడు. "వారమంతా వార్డుల ఇదే చూసి వస్త. ఆదివారం నాడు గూడ చీము అంటవేందిరా?" అన్నాడు. మాటకు మాట నేనూ అన్నాను. కత్తి పట్టినోడికి కత్తి తగిలితే ఏమవుతుందో తెలియాలా వద్దా అన్నాను.

రెండోవాడు తిరగబడలేదు. బ్యాంకు గుమాస్తా. అతని దొంగ పాత్రకు నా పట్టీ ప్రకారం ధనుర్వాతం వచ్చింది. మూడు ఆదివారాలు అతను మాకు చాయ్ పోస్తూ కూర్చున్నాడు. నాలుగో ఆదివారం రాలేదు. మంగళవారం దుకాణానికి వచ్చాడు. బెడ్‌పాన్ కావాలన్నాడు, పుండ్లు పడకుండా గాలి పరుపు కావాలన్నాడు. వాళ్ల నాన్న బాత్‌రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకొని అప్పటికి నెలవుతోందట. ఆదివారం మూడు గంటలు ఆ మంచం ముందు నుంచి లేచి మా డాబాకు వచ్చేవాడు. నేను అక్కడ కూడా అదే మంచం వేసి పెట్టాను. అతను ఆ మాట అనలేదు. బెడ్‌పాన్ తిరగేసి అంచు నున్నగా ఉందా అని వేలితో చూసుకున్నాడు, డబ్బులిచ్చి వెళ్లాడు. నోట్‌బుక్ ఆ రాత్రే అటక మీదికి పోయింది. పారేయలేదు. 60 రకాలు రాయడమంటే మాటలు కాదు.

ఇది నా ఒక్కడి పిచ్చే కాదని తర్వాత తెలిసింది. ఈ ప్రాణాల లెక్క పుట్టిన దగ్గర్నుంచీ జనం దాని మీద కొట్టుకుంటూనే ఉన్నారు. 1974లో గైగాక్స్‌తో కలిసి ఆటను తెచ్చిన డేవ్ ఆర్నెసన్, ఈ ఆలోచనను అమెరికా అంతర్యుద్ధపు ఇనుప ఓడల ఆట నియమాల్లోంచి తెచ్చానని తానే చెప్పుకున్నాడు. ఒక్క దెబ్బకే తమ వీరుడు చస్తుంటే ఆడేవాళ్లు ఊరుకోలేదట. ఓడకు పది గుండ్లు తగిలినా తేలుతుంది, పదకొండోదానికి మునుగుతుంది. మనిషికీ అదే లెక్క పెట్టేశాడు. బాగానే ఉంది, కానీ ఓడకు నొప్పి తెలియదు కదా! తొమ్మిది గుండ్లు తిన్న ఓడ రాత్రంతా అటూ ఇటూ దొర్లదు, దాహమని అడగదు. నా 79 నాటి పుస్తకంలో గైగాక్సే సర్దిచెప్పాడు. పెద్ద వీరుడి ప్రాణాలన్నీ రక్తమాంసాలు కావు, చాలావరకు నేర్పు, అదృష్టం, దైవబలం అని. సరే. అదృష్టమే తగ్గిందనుకుంటే నాలుగు వారాల మంచం ఎందుకయ్యా? అదృష్టానికి కూడా పిండికట్టు వేశారా?

1978లో రూన్‌క్వెస్ట్ అనే ఇంకో ఆట వచ్చింది. దాన్ని రాసిన స్టీవ్ పెరిన్ కవచం తొడుక్కొని సరదా కత్తియుద్ధాలు చేసే బృందంలో తిరిగినవాడు. అందుకే కాబోలు ఒంటిని ఏడు భాగాలు చేసి తలకు వేరే, ఛాతీకి వేరే, కాలు కాలుకూ వేరే లెక్క పెట్టాడు. కాలి లెక్క అయిపోతే మనిషి కూలబడతాడు, చావడు. నాకు నచ్చింది. 1980లో ఆర్మ్స్ లా అని ఇంకొకటి, ఏ ఆయుధానికి ఏ గాయమో పేజీలకు పేజీల పట్టికలు. నా నోట్‌బుక్ ముద్రణ పొందితే అట్లా ఉండేది. 1986 నాటి గర్ప్స్‌లో దెబ్బ తగిలిన మరుక్షణం చేతి నేర్పు తగ్గుతుంది. 1991లో వాంపైర్ వాళ్లు అంకెలకు బదులు మాటలు పెట్టారు, కమిలినవాడు మొదలుకొని కదల్లేనివాడి దాకా ఏడు మెట్లు. మెట్టు దిగినకొద్దీ పాచికలు తగ్గుతాయి. ఇక్కడొక చిక్కు ఉంది. దెబ్బ తిన్నవాడి బలం తగ్గుతుంది, తగ్గింది కనుక ఇంకో దెబ్బ తింటాడు, తిన్నాడు కనుక ఇంకా తగ్గుతుంది. మొదటి దెబ్బ ఎవడు తింటే వాడి పని అయిపోయినట్టే. మిగతా గంటంతా మోరీలోకి దొర్లే పాచికను చూస్తున్నట్టు ఉంటుంది.

మన పురాణాలవాళ్లకు ఈ బాధే లేదు. ఎవరి గాయానికి వాళ్ల నియమం. భీష్ముడికి ఒళ్లంతా బాణాలే, ప్రాణాల లెక్క ఎప్పుడో సున్నా. కానీ వరం ఉంది కనుక పడుకొనే శాంతిపర్వమంతా చెప్పాడు. లక్ష్మణుడు మూర్ఛపోతే కొండే కదిలివచ్చింది. అశ్వత్థామ నుదుటి పుండు వేల ఏళ్లయినా మానదు. మా అమ్మమ్మ అయితే, నూనె అడగడానికి గుమ్మంలోకి వస్తాడని భయపెట్టేది. కర్ణుడి తొడను పురుగు తొలిస్తే ఓర్చుకున్నాడు, ఆ ఓర్పే శాపమై కూర్చుంది. నొప్పిని ఓర్చుకున్నందుకు శిక్ష పడ్డ వీరుణ్ణి ఏ పాచికల ఆటలోనైనా చూశారా? కబడ్డీలో మాత్రం మనమూ ఈ పిల్లల్లాంటివాళ్లమే. "చచ్చిండు, చచ్చిండు" అని అరిచి, నిమిషంలో "లేసిండు" అని లోపలికి తెస్తాం.

ఈ గోలంతా వింటూ నా పాత మెడికల్ కాలేజీ మిత్రుడు ఫోనులో నవ్వాడు. ఇప్పుడతను రిటైరైన మత్తు డాక్టరు. మత్తు డాక్టరుతో నొప్పి గురించి వాదన పెట్టుకోకూడదని నాకు ఇన్నేళ్లకు తెలిసింది.

"నీ ఇంటి పక్కనే జరిగింది, నీకు తెల్వదా?" అన్నాడు. రెసిడెన్సీ సర్జన్‌గా ఎడ్వర్డ్ లారీ అనే ఆయన ఉండేవాడు. హైదరాబాద్ మెడికల్ స్కూలూ ఆయన చేతిలోనే. క్లోరోఫాం ఇచ్చిన రోగులు కొందరు బల్ల మీదే పోతుంటే, ఎందుకు పోతున్నారో తేల్చాలని 1888లో ఒక కమిషన్, 1889లో రెండోది. ఖర్చు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది. రెండోదానికి లండన్ నుంచి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ వచ్చాడు. మన ఊరి రూపాబాయి ఫర్దూంజీ, ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరు, ఆ పనిలో పాలుపంచుకుంది. వందల కుక్కల మీద, కోతుల మీద పరీక్షించి లారీ తేల్చిన నియమం ఒక్కటే. నాడి పట్టుకొని కూర్చోకండి, ఊపిరి చూడండి. ఊపిరి బాగుంటే గుండెకేమీ కాదు.

"మంచి నియమమే కద?" అన్నాను.

"సగం మంచిది. ఊపిరి చూడమనుడు మంచిదే. గుండెను వదిలేయమనుడే తప్పు. గుండె ఉన్నట్టుండి ఆగుడు ఉంటదని 1911ల లెవీ అనేటాయన రుజువు జేసిండు. ఒక్క అంకె పట్టుకుంటే మనిషి చేతికి రాడు."

అంటే నా మాటే గెలిచిందని నేను సంబరపడేలోపు రెండో దెబ్బ వేశాడు. రెండో ప్రపంచయుద్ధంలో, ఇటలీలో, హెన్రీ బీచర్ అనే అమెరికన్ డాక్టరు పెద్ద గాయాలైన సైనికుల్ని నొప్పి మందు కావాలా అని అడిగాడట. నలుగురిలో దాదాపు ముగ్గురు వద్దన్నారట. 1946లో అచ్చేశాడు. ఎముక విరిగినవాళ్లు, ఛాతీకి తగిలినవాళ్లు. ఒళ్లు తెలియనివాళ్లు కాదు, మాట్లాడుతున్నవాళ్లే. "నువ్వు జూళ్లేదా దుకాణంల?" అన్నాడు.

చూశాను. కోఠి చౌరస్తాలో స్కూటరు జారి పడ్డవాడు లేచి, ముందు స్కూటరు చూసుకుంటాడు. తర్వాత చుట్టూ మూగినవాళ్లతో "ఏం గాలే, ఏం గాలే" అంటాడు. కిక్కు కొట్టి పోతాడు. మర్నాడు పొద్దున పది గంటలకు మా మెట్లెక్కుతాడు. చొక్కా గుండీలు పెట్టుకోలేక భార్యతో పెట్టించుకొని, ఆ చేతిని ఇంకో చేత్తో పసిబిడ్డలా పట్టుకొని, మెడకు తగిలించే పట్టీ కావాలంటాడు. "నిన్న అసలు నొప్పే లేకుండె సార్" అని మనల్నే నిలదీసినట్టు అంటాడు. నలభై ఏళ్లలో ఇట్లాంటివాళ్లు ఎంతమందో. కళ్లెదుటే ఉన్నా నా నోట్‌బుక్‌లో దీనికి ఒక్క గడి పెట్టలేదు.

అంటే ఆరు పోట్లు తిన్న బుడంకాయ ఆరోదాకా నరుక్కుంటూ పోవడం అబద్ధం కాదు. ఒప్పుకోవాలంటే కష్టంగా ఉంది, కానీ యుద్ధం నడిచేటప్పుడు ఒక్కొక్క దెబ్బకూ బలం తగ్గించుకుంటూ పోయే లెక్కలకన్నా ఈ మొద్దు లెక్కే నిజానికి దగ్గర. వీళ్లు తప్పు చేసింది రాత్రి కాదు, పొద్దున. నొప్పి రావలసిన వేళకే దాన్ని మాయం చేశారు.

ఆ ఆదివారం పోయి ఈ ఆదివారం వచ్చేసరికి నా దగ్గర నియమం తయారు. పట్టికలు లేవు, ధనుర్వాతం లేదు. కొట్లాట జరిగినంతసేపు మీ ఇష్టం, మీ పుస్తకం. ప్రాణాలు కూడా నిద్రతో వచ్చేస్తే రానీయండి, నాకేం. కానీ నేలకూలి లేచినవాడు మర్నాడు పొద్దున ఒక్క పని చేయలేడు. ఒక్కటే. ఏ పని అన్నది వాడే చెప్పాలి. గుండీలు పెట్టుకోలేడా, కొండెక్కలేడా, గట్టిగా నవ్వలేడా. ఆ పని అవసరమైనప్పుడు ఎవరో ఒకరు చేయందించాలి. చేయందిస్తూ మూడు పొద్దులు గడిస్తే పోతుంది. ఎవడూ సత్రంలో పడుకోనక్కర్లేదు, ఎవడూ చాయ్ పోస్తూ కూర్చోనక్కర్లేదు.

మనవడు విని, లోపలికి పోయి, వాళ్ల పెద్ద పుస్తకం తెచ్చి నా ముందు పడేశాడు. 2014ది.

"ఇది చూడు తాతా. ఆల్రెడీ ఉంది."

నిజంగానే ఉంది. ఇష్టమైతే వాడుకోండి అని పక్కన పెట్టిన నియమాల్లో ఒకదాని ప్రకారం ఎనిమిది గంటల నిద్ర చిన్న విశ్రాంతి, పెద్ద విశ్రాంతికి ఏడు రోజులు. ఇంకో పేజీలో మానని గాయాల పట్టిక. కన్ను పోవడం, కుంటి నడక, విరిగిన పక్కటెముకలు, పుచ్చిన పుండు. ఒక్క ఇరవై ముఖాల పాచికకు సరిపడా.

"మరి వాడుకోరేందిరా?"

"వాడినం. రెండు వారాలు. బోర్ కొట్టింది."

ఈ మాట నేనెక్కడో విన్నాను. పుస్తకం మూసి ఇచ్చేశాను. నా పట్టిక 60 వరసలదని, అది ఇంకా అటక మీద ఉందని వాడికి చెప్పలేదు. పట్టిక తక్కువైతే ఇంకాస్త పొడుగు చేద్దామనే వయసు నాకు దాటింది, వాడికింకా రాలేదు.

ఆట నడిపే పిల్లగాడు, సన్నగా కళ్లజోడు వేసుకొని ఉంటాడు, నా వైపు చూసి, "తాతయ్య రూల్ ఒక్కరోజు ట్రై చేద్దాం" అన్నాడు. మర్యాద తెలిసిన పిల్లాడు. మళ్లీ గుహ. మళ్లీ తెల్లారింది. ఆ పిల్లాడు బుడంకాయ వైపు తిరిగి, "నువ్వు కింద పడి లేచినవ్ కదా. ఏం చేయలేవు?" అని అడిగాడు.

మా వాడు ఎప్పుడూ టక్కున చెప్పేవాడు, ఈసారి ఆలోచించాడు. ఎందుకో తన ఎడమ మోకాలు పట్టుకొని చూసుకున్నాడు. "ఎడమ కాలు మోపలేను. బల్లెం దిగింది అక్కడే" అన్నాడు. నా క్యాలెండర్ కాగితం మీద ఆఖరి గీత బల్లెమే.

ముందు కొండ ఉంది. సీసా అమ్మాయి నేను మోస్తానంది. మరుగుజ్జు బరువు నీవల్ల కాదన్నారు. తాడు కట్టి లాగుదామన్నాడొకడు. గొడ్డలి నేను పట్టుకుంటానని ఇంకొకడు. పావుగంట అదే చర్చ, ఎవరూ ఫోను ముట్టలేదు. చివరికి చచ్చిన గోబ్లిన్ బల్లేన్నే సగానికి విరిచి, పైన గుడ్డ చుట్టి, బుడంకాయ చంక కింద పెట్టారు.

"అడుగున రబ్బరు ఉందా?" అన్నాను.

అందరూ నా వైపు చూశారు.

"రబ్బరు బిళ్ల లేకుంటే రాయి మీద జారుతది. బల్లెం కొన అడుగుకు ఉందా, పైకి ఉందా? అడుగుకు ఉంటే మట్టిల దిగుతది, రాయి మీద మాత్రం పట్టదు."

"రాయే తాతయ్యా. తడిగా ఉంది" అన్నాడు కళ్లజోడు పిల్లాడు. జేబులోంచి ఒక నిజం పాచిక తీశాడు, ఇరవై ముఖాలది. వీళ్ల దగ్గర ఉండనే ఉన్నాయన్నమాట. "పది పైన పడాలి. మీరే వేయండి."

పాచికను అరచేతిలో తిప్పి చూశాను. అంకెలకు ముందే రంగు వేసి ఉంది. గచ్చు మీదికి వదిలాను. గలగలమని డాబా అంచుదాకా పోయింది, మనవడు కాలు అడ్డం పెట్టి ఆపాడు.

"నాలుగు" అన్నాడు.